ఒక బెంచికి ఒకే తప్పు

మా కాలేజీ మెషీన్స్ ల్యాబులో ఆరు బెంచీలు. ఒక్కో బెంచికి ఒక్కో మోటారు, దాని ఎదురుగా చెక్కపలక మీద స్విచ్చు, మీటర్లు, స్టార్టరు. ప్రతి క్లాసుకీ ప్రతి బెంచి మీదా మేం ఒక తప్పు పెట్టేవాళ్ళం. కావాలనే పెట్టేవాళ్ళం. ఒకచోట ఫ్యూజు లాగేసేవాళ్ళం, ఇంకోచోట రెండు వైర్లు తారుమారు చేసేవాళ్ళం. పిల్లలు కరెంటు ఇవ్వకముందే ఆ తప్పేదో వెతికి పట్టుకోవాలి. పట్టుకున్నాక కాగితం మీద రాయాలి. రాశాక చేసి చూపించాలి. అప్పుడే మార్కులు.

ఈ పద్ధతి నాది కాదు, బాబాయ్‌ది. బాబాయ్ అంటే మా ల్యాబు టెక్నీషియను. నాకు చుట్టం కాదు. కాలేజీలో ఊడ్చేవాళ్ళ దగ్గర్నుంచి ప్రిన్సిపాలు దాకా అందరికీ ఆయన బాబాయే. మోటార్లకు తీగ చుట్టే షాపులో పన్నెండేళ్ళు, ఈ ల్యాబులో ముప్పై ఏళ్ళు పనిచేశారు. పదో తరగతి దాటలేదు. నేను రెండు పట్టాలు పుచ్చుకుని ఇక్కడ పాఠాలు చెప్పడానికి చేరిన మొదటి రోజున, తిరుగుతున్న మోటారు పక్కన నన్ను నిలబెట్టి, స్క్రూడ్రైవరు మొన బేరింగు మీద పెట్టి, పిడి నా చెవికి ఆనించి, "ఏం వినపడుతోంది?" అన్నారు.

"చప్పుడు, బాబాయ్."

"అది నాకూ వినపడుతోంది, గేటు దగ్గర వాచ్‌మనుకీ వినపడుతోంది. ఏం చప్పుడు?"

బేరింగులో గ్రీజు ఎండిపోయిందని చెవితో తెలుసుకోవడానికి నాకు నెల పట్టింది. పుస్తకంలో అది లేదు. మా ఇంట్లో పట్టా పుచ్చుకున్న మొదటి మనిషిని నేనే. నాన్న సిమెంటు గోడౌనులో బస్తాలు మోస్తాడు, అమ్మ రెండు ఆఫీసుల్లో మెట్లు తుడుస్తుంది. నాకు తెలియనిది ఉందని ఒప్పుకోవడం నాకు కొత్త కాదు, సిగ్గూ కాదు. అందుకే బాబాయ్‌కి నేను నచ్చాననుకుంటాను.

తప్పులు పెట్టడానికి ఆయన నియమాలు రెండే. ఏ తప్పు పెట్టినా మోటారుకే ఇబ్బంది కలగాలి గానీ మనిషికి దెబ్బ తగలకూడదు. రెండోది, ఒక బెంచికి ఒకే తప్పు.

"రెండు పెడితే ఏమవుతుంది?" అని అడిగాను ఒకసారి.

"ఒకటి చెడితే పక్కనున్నది దాన్ని పట్టిస్తుందమ్మాయ్. రెండూ చెడితే పట్టించేవాడెవడు?" అన్నారు. ఏ రోజు ఏ బెంచి మీద ఏం పెట్టిందీ ఒక పొడుగు పుస్తకంలో రాసేవారు. దాని పేరు నేరాల పుస్తకం. పిల్లలు దాన్ని దొంగతనంగా చూడాలని ఎన్ని వేషాలు వేసినా ఆయన ముందు కుదిరేవి కావు.

నేను చేరిన నాలుగేళ్ళకి వచ్చిన పిల్లల్లో ఒకమ్మాయి ఉండేది. ప్రతి క్లాసులో చెయ్యెత్తి "మేడమ్, ఒక డౌటు" అనడం వల్ల అందరూ ఆమెను డౌటు అనే పిలిచేవారు. బస్సు డ్రైవరు కూతురు. ఫీల్డు గురించి చెప్పిన రోజున నేను ఎప్పుడూ అడిగే ప్రశ్నే అడిగాను. మోటారులో కదలకుండా ఉండే తీగచుట్ట ఒకటుంది, దాన్ని ఫీల్డు అంటాం, లోపల తిరిగేది ఇంకొకటి. నడుస్తున్న మోటారుకు ఫీల్డు వైరు ఊడిపోతే ఏమవుతుంది?

"ఆగిపోతుంది మేడమ్," అని క్లాసంతా కోరస్.

"ఆగదు," అంది డౌటు. "ఫీల్డే కదా దాన్ని అదుపులో పెట్టేది? అది పోతే ఇంకా జోరుగా తిరుగుతుంది. ఎంత జోరుగానో తెలీదు."

"తను విరిగిపోయేంత జోరుగా," అన్నారు వెనకనుంచి బాబాయ్. "మీరందరూ ఆగిపోయిందనుకుని దగ్గరకెళ్తారు. ఆ పిల్ల ఒక్కతే గుమ్మం వైపు పరిగెడుతుంది. బతికేది ఆ పిల్లే."

అందరూ నవ్వారు. తర్వాత స్టార్టరు చూపించారాయన. ఒక ఇత్తడి పిడి. ఎడమనుంచి కుడికి మెల్లగా జరుపుతూపోతే మోటారు వేగం అందుకుంటుంది. చివర చిన్న అయస్కాంతం పిడిని పట్టుకుని ఉంచుతుంది. ఆ అయస్కాంతానికీ ఫీల్డుకీ కరెంటు ఒకే దారిలో వస్తుంది. అందుకని ఫీల్డు వైరు ఊడితే అయస్కాంతం పిడిని వదిలేస్తుంది, వెనకున్న స్ప్రింగు దాన్ని టప్పున లాగేస్తుంది, మోటారు పరిగెత్తేలోపే కరెంటు ఆగిపోతుంది. "ఈ స్ప్రింగు మీ అమ్మలాంటిది. ఎక్కడికెళ్ళినా సాయంత్రానికి ఇంటికి లాక్కొస్తుంది," అన్నారు.

నేను చేసిన పని ఇప్పుడు చెప్తాను.

క్లాసు రెండు బ్యాచీలు. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి. పొద్దున వచ్చినవాళ్ళు బయటికి వెళ్ళీ వెళ్ళకముందే ఏ బెంచి మీద ఏ తప్పుందో మధ్యాహ్నం వాళ్ళకు ఫోన్లో పంపేసేవారు. వాళ్ళు వచ్చి, వెతికినట్టు నటించి, రెండు నిమిషాల్లో పట్టుకుని, మా మొహం చూసి నవ్వుకునేవారు. ఈ సంగతి నాకూ తెలుసు, బాబాయ్‌కీ తెలుసు. ఏదో ఒకటి చెయ్యాలని ఇద్దరం అనుకున్నాం. అనుకుని ఊరుకున్నాం.

ఆ రోజు భోజనాల వేళ ల్యాబులో ఎవరూ లేరు. బాబాయ్ తినడానికి వెళ్ళారు. నేను మా డిపార్టుమెంటు హెడ్డు గారి గదిలో మీటింగు ముగించుకుని తొందరగా వచ్చాను. మూడో బెంచి దగ్గర పొద్దున పెట్టిన తప్పు, తిరిగే తీగచుట్టకు కరెంటు అందించే కార్బను బ్రష్షుని ఎత్తి ఉంచడం. చూస్తే బ్రష్షు మామూలుగా కూర్చుని ఉంది. బాబాయ్ సరిచేసి వెళ్ళారు, బెంచి మీద ఇప్పుడు ఏ తప్పూ లేదు అనుకున్నాను. మధ్యాహ్నం వాళ్ళకు ఈసారి కొత్తది పెడదాం అనిపించింది. బాబాయ్ టేబులు మీద స్పానరు ఉంటే తీసుకుని, ఫీల్డు వైరు నట్టు ఒకటిన్నర తిప్పు వదులు చేశాను. నేను వేసుకున్న లెక్క ఇది: ముందే పట్టుకోకపోతే, మోటారు తిరగగానే అదురుకి వైరు ఊడుతుంది, స్టార్టరు పిడి వెనక్కి పడిపోతుంది, మోటారు ఆగుతుంది, ఎందుకాగిందని వీళ్ళు తల గోక్కుంటారు. ఎవరికీ ఏమీ కాదు. స్టార్టరు ఉందిగా.

నేరాల పుస్తకం స్పానరు పక్కనే ఉంది. నేను తెరవలేదు. తర్వాత రాయొచ్చు అనుకున్నాను.

తెరిచి ఉంటే బాబాయ్ చేతిరాత కనపడేది. భోజనానికి వెళ్ళేముందు ఆయన కూడా నాలాగే ఆలోచించారు. మూడో బెంచి, మధ్యాహ్నం, కొత్త తప్పు: స్టార్టరు స్ప్రింగు తీసివేత.

మధ్యాహ్నం మూడో బెంచి డౌటుది. పాత తప్పు కోసం చూసిన పిల్లలు అది లేకపోయేసరికి కంగారుపడ్డారు. డౌటు మాత్రం ఫోను నమ్ముకునే రకం కాదు. పలక మీద ఒక్కొక్కటే వేలితో తాకుతూ వచ్చింది. కరెంటు లేకుండానే స్టార్టరు పిడిని కుడివైపుకి నెట్టి వదిలింది. అది వెనక్కి రాలేదు. ఇంకోసారి నెట్టింది, రాలేదు. వెంటనే కాగితం మీద రాసింది: పిడికి స్ప్రింగు లేదు.

నేను ఐదో బెంచి దగ్గర ఒకడి మీటరు సరిచేస్తున్నాను. బాబాయ్ ఆమె కాగితం చూసి, "శభాష్. రాస్తే సరిపోదు. చేసి చూపించు," అనడం వినపడింది. చేసి చూపించడమంటే, మోటారు నడిపి, మెయిన్ స్విచ్చు తీసేసి, కరెంటు పోయినా పిడి కదలకుండా కూర్చోవడం అందరికీ చూపించడం. ఆ మాట విన్నాను. పిడి సంగతి అని నాకు తెలియలేదు. ఫీల్డు వైరు పట్టుకుంది కాబోలు, తెలివైన పిల్ల, అనుకున్నాను. తల కూడా తిప్పలేదు.

డౌటు మోటారు నడిపింది. మొదట మామూలు చప్పుడే. తర్వాత ఆ చప్పుడు సన్నబడింది. ఎండిన బేరింగు కాదు, వదులు పట్టీ కాదు, నాలుగేళ్ళలో నేనెప్పుడూ వినని కూత. పైకి, ఇంకా పైకి పోతోంది. నేను తలెత్తేసరికి బాబాయ్ "వెనక్కి! అందరూ వెనక్కి!" అని అరుస్తూ మెయిన్ స్విచ్చు వైపు దూకుతున్నారు. ఆయన కన్నా డౌటే స్విచ్చుకి దగ్గరగా ఉంది. గుమ్మం వైపు పరిగెత్తలేదు. కుడిచెయ్యి చాపి స్విచ్చు పట్టుకుని కిందికి లాగింది. అదే సమయంలో మోటారు ఇరుసుకి బిగించిన ఇనప చక్రం పగిలింది.

మెషీను ఆగడానికి చాలాసేపు పట్టింది. అది ఆగేసరికే బాబాయ్ తన చొక్కా విప్పి ఆ పిల్ల చేతికి చుడుతున్నారు. ఆ చెయ్యి ఎలా ఉందో రాయను. ఆ రోజే ఆసుపత్రిలో మణికట్టుకి పైన తీసేశారు.

వారం తర్వాత విచారణ. ముగ్గురు పెద్దమనుషులు, మధ్యలో హెడ్డు గారు. బాబాయ్ నేరాల పుస్తకాన్ని తనే తీసుకెళ్ళి వాళ్ళ ముందు పెట్టారు. పేజీ కూడా తనే తీసి చూపించారు. "స్ప్రింగు తీసింది నేనే. నడపమన్నదీ నేనే," అన్నారు. వాళ్ళు ఇంకేమీ అడగలేదు. నన్ను అడిగింది ఒకటే. "ఫీల్డు వైరు ఎలా ఊడింది మేడమ్?"

"అదురుకి వదులై ఉండొచ్చు సార్," అన్నాను.

"ఉండొచ్చు అని రాయకండి. అదురుకి ఊడింది అని రాయండి. పాత మెషీన్లు," అన్నారు హెడ్డు గారు.

రాశాను. చదివాను. సంతకం పెట్టాను. బాబాయ్ పక్క కుర్చీలోనే ఉన్నారు. ఆయన ఉద్యోగం ఆ వారమే పోయింది.

ఎందుకు చెప్పలేదంటే, భయపడ్డాను. అంతకన్నా మంచి కారణం వెతికాను, దొరకలేదు. అమ్మ ఆ ఆఫీసుల్లో మెట్లు తుడుస్తూ "మా అమ్మాయి కరెంటు పాఠాలు చెప్తుంది" అని తెలిసినవాళ్ళకీ తెలియనివాళ్ళకీ చెప్తుంది. నాన్నకు మాత్రం నా మొహం చూసి ఏదో అర్థమైంది. "గోడౌనులో మాకేవో కాగితాలిస్తారు, చదవడం రాక పెట్టేస్తాం సంతకం. నువ్వు చదివే పెట్టావు కదమ్మా?" అన్నాడు. చదివే పెట్టాను నాన్నా అన్నాను. తృప్తిగా అన్నం తిన్నాడు.

పదకొండు వారాలు గడిచాయి. ఒకరోజు పిన్ని, అంటే బాబాయ్ భార్య, ఫోను చేసింది.

"అమ్మాయ్, ఒకసారి వచ్చి మీ బాబాయ్‌తో మాట్లాడవే. తీగ చుట్టే షాపువాళ్ళు రమ్మంటున్నారు, ఈయన వెళ్ళనంటున్నాడు. నా మాట ఎప్పుడు విన్నాడు గనక. నీ మాటైతే వింటాడు."

వెళ్ళాను. రెండు గదుల ఇల్లు. గుమ్మం గడియ పట్టుకుంటే చేతిలోకి ఊడొచ్చింది. లోపల కుళాయికి పిడి లేదు, దాని మొండేనికి గుడ్డ చుట్టి ఉంది. ఇనపమంచం ఒకవైపు ఒరిగి ఉంది. ఫ్యాను రెక్కలు మూడింటిలో ఒకటి లేదు.

"ఇదేంటి పిన్నీ?"

"ఏముంది, బిగింపులు. పొద్దున లేస్తే స్పానరు పట్టుకుంటాడు. బిగించిందే బిగిస్తాడు, మరలన్నీ అరిగిపోయి చేతికొచ్చేదాకా. ఇంట్లో బిగించడానికి ఇంక నేనొక్కదాన్నే మిగిలాను," అంది నవ్వబోయి.

బాబాయ్ వెనక గదిలో నేల మీద కూర్చుని ఉన్నారు. ఎదురుగా ఒక చెక్క, దానికి వరసగా ఇరవై బోల్టులు, ఇరవై నట్లు. కళ్ళు మూసుకుని ఒక్కోదాన్నీ స్పానరుతో బిగిస్తున్నారు. అలికిడికి కళ్ళు తెరిచారు. నన్ను చూసి, "కూర్చో అమ్మాయ్," అని మళ్ళీ పనిలో పడ్డారు.

"షాపుకి రమ్మన్నారట కదా బాబాయ్?"

"ఆ పని నేను చెయ్యకూడదమ్మాయ్."

"మీరు చెయ్యకూడదంటే ఇంకెవరు చేస్తారు?"

ఆయన స్పానరు కింద పెట్టారు. "స్ప్రింగు తీశాను. అది తెలిసి చేసిన పని. దానికి శిక్ష పడింది, పడాలి. దాని గురించి కాదు. ఫీల్డు నట్టు గురించి. రోజూ పొద్దున రాగానే ఆరు బెంచీల ఫీల్డు నట్లూ నేనే బిగిస్తాను. ముప్పై ఏళ్ళుగా. ఆ రోజూ బిగించాను. మూడోది బిగించినట్టు నా చేతికి గుర్తుంది. కానీ ఊడింది కదా? నేను బిగించిన నట్టు ఒక్క పూటలో అదురుకి ఊడదు. ఊడిందంటే నేను బిగించలేదు. బిగించలేదంటే మరి ఈ చేతికి గుర్తున్నదేంటి?" రెండు అరచేతులూ నా ముందు పెట్టారు, ఎవరివో చూపిస్తున్నట్టు. "ఇది పోయిందమ్మాయ్. ఎప్పుడు పోయిందో కూడా తెలీదు. ఇన్నాళ్ళూ బాగా బిగించాననుకున్నవి ఎన్ని వదులుగా వదిలేశానో. ఈ చేతులతో షాపులో కూర్చుని చుట్టిన మోటారు ఇంకొకళ్ళ ఇంట్లో తిరగాలా?"

నేను అక్కడికి ఏం చెప్పడానికి వెళ్ళానో నిజంగా నాకు తెలియదు. షాపులో చేరమని బతిమాలి, టీ తాగి వచ్చేద్దామనే బయల్దేరాను కాబోలు. ఆ రెండు చేతులూ చూశాక ఆ మాటలు నోటికి రాలేదు.

"బాబాయ్, ఆ నట్టు మీరు బిగించారు. నేను వదులు చేశాను."

ఆయన నన్ను చూడలేదు. చెక్క వైపే చూస్తున్నారు.

"ఎప్పుడు?"

"మీరు భోజనానికి వెళ్ళినప్పుడు. మధ్యాహ్నం బ్యాచ్‌కి కొత్త తప్పు పెడదామని."

"ఎన్ని తిప్పులు?"

"ఒకటిన్నర."

"దేంతో?"

"మీ స్పానరుతోనే. టేబులు మీద ఉంటే తీసుకున్నాను."

"తిప్పేటప్పుడు ఎలా ఉంది?"

నాకు మొదట అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. "గట్టిగా ఉంది బాబాయ్. ఒక చేత్తో రాలేదు. రెండు చేతులూ వేసి తిప్పాల్సొచ్చింది."

"రెండు చేతులూ," అన్నారాయన. కళ్ళు మూసుకున్నారు. కళ్ళు తెరిచాక మాత్రం ఆయన గొంతు నాకు తెలిసిన గొంతు కాదు.

"పుస్తకం పక్కనే ఉంది కదా?"

"ఉంది."

"తెరవలేదు."

"తెరవలేదు."

"ఆ గదిలో నా పక్క కుర్చీలో కూర్చుని అదురుకి ఊడిందని రాశావు. నేను ఇంటికొచ్చి ఆలోచిస్తూనే ఉన్నాను. ముసలితనం వచ్చింది కాబోలు, మతిమరుపు వచ్చింది కాబోలు అని. డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళాను, తెలుసా? చేతులు చూడమన్నాను. బాగానే ఉన్నాయన్నాడు. వాడికేం తెలుసులే అనుకున్నాను."

పిన్ని గుమ్మంలో నిలబడి ఉంది. టీ గ్లాసులు రెండు చేతుల్లో ఉన్నాయి. ఒకటి బాబాయ్ ముందు పెట్టింది. రెండోది వెనక్కి తీసుకెళ్ళిపోయింది. పోతూపోతూ, "మా ఆయనకి పిచ్చెక్కుతోందని నేను దేవుళ్ళందరికీ మొక్కాను. నీకు కూడా ఫోను చేసి బతిమాలాను, ఎవరికి చేస్తున్నానో తెలీక," అంది. అరవలేదు. అరిచి ఉంటే నాకు తేలికగా ఉండేది.

నేను ఏడ్చాను. బాబాయ్ ఏడవనిచ్చారు. నేను ఆపాక, "ఆ పిల్లని చూశావా?" అన్నారు.

"ఆసుపత్రిలో రెండుసార్లు."

"చెప్పావా?"

తల అడ్డంగా ఊపాను.

"కరెక్టుగా పట్టుకుంది ఆ పిల్ల. నేనే పక్కన నిలబడి నడపమన్నాను. ఒకటి దొరికింది కదా, ఇంకోటి వెతక్కర్లేదు అని ఆమె నమ్మింది, నేనూ నమ్మాను. ఇప్పుడు తనేం మర్చిపోయిందా అని ఆమె కూడా ఒక చోట కూర్చుని నాలాగే వెతుక్కుంటూ ఉంటుంది. వెళ్ళి చెప్పు."

"మీరు కూడా వస్తారా బాబాయ్?"

"నేనెందుకు? నాది నేను మొదటిరోజే వెళ్ళి చెప్పుకున్నాను. ఇది నీది." స్పానరు చేతిలోకి తీసుకున్నారు. చివరి నట్టు బిగించి, కళ్ళు మూసుకోకుండా దాన్ని వేలితో నొక్కి చూసుకున్నారు. నన్ను వెళ్ళమని మళ్ళీ చెప్పలేదు. మళ్ళీ రమ్మని కూడా అనలేదు.

మర్నాడు కాలేజీ తెరవగానే జరిగింది జరిగినట్టు రెండు పేజీలు రాసి హెడ్డు గారికిచ్చాను. ఆయన మొదటి పేజీ సగం చదివి కాగితాలు నా వైపు జరిపారు.

"ఫైలు మూసేశామమ్మా. ఇప్పుడిదెందుకు?"

"ఇది నిజం సార్."

"నిజమే అనుకో. దీనివల్ల ఆ పిల్లకి చెయ్యి వస్తుందా? ఆయనకు ఉద్యోగం వస్తుందా? స్ప్రింగు ఆయన తియ్యలేదా? ఉన్న నీ ఉద్యోగం పోతుంది, అంతే కదా జరిగేది?"

ఆయన అన్నవాటిలో ఒక్కటి కూడా అబద్ధం కాదు. అయినా కాగితాలు తీసుకుని ఆఫీసులో ఉత్తరాలు తీసుకునే గుమాస్తా దగ్గరికి వెళ్ళాను. ఆయన చదవకుండానే తేదీ ముద్ర కొట్టి, ఒక కాపీ నాకిచ్చి, "తర్వాత ఎవరు?" అన్నాడు.

డౌటు వాళ్ళ ఇల్లు మూడో అంతస్తులో. వాళ్ళమ్మ తలుపు తీసింది. "రండి మేడమ్," అంది, మర్యాదకి. డౌటు కిటికీ పక్కన బల్ల దగ్గర కూర్చుని ఉంది. కుడి చొక్కాచెయ్యి మడిచి పిన్నీసు పెట్టి ఉంది. బల్ల నిండా కాగితాలు. అన్నిటి మీదా ఒకటే బొమ్మ, మూడో బెంచి వైరింగు, ఎడమచేత్తో గీసింది. కింద ఉన్న కాగితాల్లో గీతలు పాకుతున్నట్టు ఉన్నాయి. పైవాటిలో కొంచెం తిన్నగా ఉన్నాయి. కొన్నిటి మీద ఫీల్డు నట్టు చుట్టూ సున్నా చుట్టి ఉంది, కాగితం చిరిగేదాకా.

"ప్రాక్టీసు చేస్తున్నావా?" అన్నాను. అంతకన్నా పనికిమాలిన మాట ఇంకోటి దొరకలేదు.

"వెతుకుతున్నాను మేడమ్. నేను ప్రతిదీ వేలితో తాకుతూ వచ్చాను కదా, స్టార్టరు దగ్గర ఆగిపోయాను. ఫీల్డు నట్టు దాని తర్వాతిదే. ఇంకొక్కటి తాకి ఉంటే కదిలేది." ఎడమచేతి చూపుడువేలు కాగితం మీద ఆ సున్నాలో పెట్టింది. "నాన్న రోజూ అంటాడు. బస్సు తీసేముందు తను నాలుగు చక్రాలూ చూసుకుంటాడట, మూడు చూసి ఎక్కడట. చదువుకున్నదానివి నీకా మాత్రం తెలీదా అంటాడు."

"నువ్వు ఆగడం తప్పు కాదు. ఒక తప్పు దొరికాక ఆగమనే మేం నేర్పింది."

"అది నాకూ తెలుసు మేడమ్. కానీ వైరు దానంతటదే వదులైంది కదా. అది మీరు పెట్టింది కాదు. మీరు పెట్టనివి కూడా చూసుకోవాలి కదా."

"మేం పెట్టిందే," అన్నాను. "నేను పెట్టాను."

చెప్పాను. స్పానరు గురించి, పుస్తకం గురించి, తల తిప్పకపోవడం గురించి, అదురుకి ఊడింది అని రాసిన కాగితం గురించి. ఆమె మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు. వాళ్ళమ్మ గోడకి ఆనుకుని నిలబడి, చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను చెప్పడం అయ్యాక డౌటు తన ముందున్న బొమ్మ వైపు చూసింది. ఎడమచేత్తో దాన్ని బోర్లా తిప్పింది. ఆ కింద ఉన్నదాన్నీ తిప్పింది. నాలుగైదు తిప్పాక ఆపేసింది.

"రెండున్నాయా," అంది. "రెండు పెట్టారా మేడమ్."

"అవును."

ఆమె మొహంలో నేను అనుకున్నవేవీ రాలేదు. కోపం కూడా రాలేదు. పదకొండు వారాలు తప్పు లెక్క ఇచ్చి చేయించారని తెలిసినప్పుడు పిల్లలు ఎలా చూస్తారో అలా చూసింది. తర్వాత లోపలి గది వైపు తిరిగి గట్టిగా పిలిచింది.

"నాన్నా! ఒకసారి ఇలా రా."

డ్యూటీకి బయల్దేరుతున్నాడు కాబోలు, ఖాకీ చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ ఆయన వచ్చాడు. నన్ను చూసి ఆగాడు. నమస్కారం పెట్టబోయి, కూతురి మొహం చూసి, చేతులు దించేశాడు.

"కూర్చో నాన్నా," అంది డౌటు. నన్ను కూర్చోమనలేదు. నేను అప్పటికే నిలబడి ఉన్నాను.

"మేడమ్, మళ్ళీ చెప్పండి. ఇప్పుడు చెప్పినట్టే, ఏదీ వదలకుండా. మొదట్నుంచి. భోజనాల టైము దగ్గర్నుంచి."

ఆయన కుర్చీ అంచున కూర్చుని నా వైపు చూశాడు. నేను భోజనాల టైము దగ్గర్నుంచి మొదలుపెట్టాను.